కేజి లేని షాఫ్టులో మూడు దెబ్బలు

ఆర్పర్ షాఫ్టు దావన పొద్దుగూకినాక ఎవురూ పోరప్పా. ఆ పక్క పోతే గని కూలోళ్లుండే లైన్ల ఇండ్లకు సగం దూరం తగ్గుతాది, అయినా పోరు. సైనైడు దిబ్బ చుట్టూ తిరిగి, చెప్పుల నిండా ఆ పాడు మన్ను నింపుకొని అయినా వస్తారు గానీ ఆ తావు తొక్కరు.

తెల్లోళ్ల కాలంలో బంగారం కోసం నిట్టనిలువుగా నేలలోకి తవ్విన షాఫ్టు అది. గనులు సర్కారు చేతికి వచ్చేటప్పటికే దాంట్లో బంగారం అయిపోయింది. మనుషుల్ని దించి ఎక్కించే ఇనప కేజి ఊడదీసి, నోటికి అడ్డంగా పాత రైలు కట్టెలు పరిచి, చుట్టూ ముళ్లకంపి కట్టి వదిలేసినారు. మిగిలింది ఒకటే — మనిషి ఎత్తున నిలబడిన గాలిపైపు. ఒకప్పుడు కింద మిషన్లకు గాలి తోలిన పైపు. ఇప్పుడు తుప్పు తప్ప యేమీ లేదు.

ఆ పైపు కొట్టుకుంటాది... రాత్రిపూట... గాలి లేకున్నా, వాన లేకున్నా.

నవ్వుతాండావా? నవ్వు నవ్వు. ఒక రాత్రి ఆడ ఒంటిగా నిలబడు, అప్పుడు చూస్తా నీ నవ్వు.

మొదట్లో అది మూడు దెబ్బలు కొట్టేది. టక్... టక్... టక్. గని లైన్లో పాలు తాగే బిడ్డను అడిగినా చెప్తాది ఆ మూడింటికి అర్థం. మనుషులు ఎక్కినారు, కేజిని పైకి లాగండి అని. కేజే లేని షాఫ్టులో, మనిషే దిగని షాఫ్టులో, పైకి లాగండని అడిగేది ఎవురు?

ఎవురో అందరికీ తెలుసు. బచ్చప్ప.

బచ్చప్ప వాళ్లది కుప్పం పక్క పల్లె. వాళ్ల నాయన కూలికి వచ్చి లైన్లో పడినోడు. బచ్చప్ప, వాళ్లన్న ఓబలప్ప, ఇద్దరూ వయసులో ఉండంగానే బాప్తిస్మం తీసుకున్నారు. ఇద్దరికీ అండర్‌గ్రౌండ్‌లోనే పని. బచ్చప్ప పెండ్లాము మునిలక్ష్మమ్మ. రెండు బర్రెగొడ్లు పెట్టుకొని లైన్లో పాలు పోస్తా ఉండేది. ఆదివారం చర్చికి పోతాది, శుక్రవారం ఇంట్లో దీపం పెడతాది. యేమమ్మా ఇది అంటే, "ఎవురు పలుకుతారో నాకేమి తెలుసు, ఇద్దర్నీ పిలిచి పెట్టుకుంటా" అనేది. ఈ కథ ఆయమ్మది.

ఒక ఏడు ఎయిర్ బ్లాస్టు అయింది. అంటే నేల లోపల రాయి తనంతట తాను పగిలేది. పైన ఇండ్లల్లో అలమార్ల నుంచి గిన్నెలు రాలినాయి. ఆడోళ్లు కొంగులు సర్దుకోకుండా మనుషులు దిగే పెద్ద షాఫ్టు కాడికి పరుగెత్తినారు. దిగి వెదికినారు, కొందరి పీనుగులు దొరికినాయి. బచ్చప్పది దొరకలేదు. ఆయప్ప ఉండిన లెవెలు, అంటే నేల కింద అడ్డంగా తవ్విన అంతస్తు, అంతా రాళ్లతో కూరుకొని పోయింది, ఇంగ ఆశ వదులుకోండి అనినారు.

ఆ వారంలోనే ఆర్పర్ షాఫ్టు పైపు కొట్టుకోను మొదలుపెట్టింది.

పెద్ద షాఫ్టు యాడ, ఆర్పర్ షాఫ్టు యాడ! మధ్యలో ఒక గుట్ట ఉండాది. అందుకే అందరికీ గుండెలు జారినాయి. బచ్చప్ప ప్రాణం నేల కింద దావ తప్పి తిరుగుతాండాది అనినారు. పైపు నోట్లోంచి మూలుగు కూడా వస్తాండాది అనినారు. సందకాడికే తలుపులు మూసుకొని, చెవుల్లో దూది పెట్టుకొని పడుకున్నారు.

బచ్చప్పకు ఒక అలవాటు. రాత్రి షిఫ్టు ముగించి వచ్చి, ఇంటి రేకు తలుపు మీద రెండు బిరబిరా కొట్టి, ఒక గుక్క ఆగి, మూడోది మెల్లిగా కొట్టేవాడు. టక్‌టక్... టక్. లోపల నుంచి మునిలక్ష్మమ్మ సంగటి కట్టెతో అట్లనే కొట్టినాకనే తలుపు తీసేది. కొత్త పెండ్లిలో మొదలైన ఆట. ఆడోళ్లు ఎంత ఎగతాళి చేసినా ఇద్దరూ మానలేదు.

పైపు కొట్టుకున్న చివరి రాత్రి, ఆ మూడూ ఎప్పటి మాదిరి కొట్టలేదు.

టక్‌టక్... టక్.

మునిలక్ష్మమ్మ లేచి నిలబడింది. చేతికి దొరికిన సంగటి కట్టె పట్టుకొని తలుపు కాడికి ఉరికింది. నలుగురు ఆడోళ్లు పట్టుకున్నారు. "రాత్రి పిలుపుకు పలికితే నిన్నూ తీసుకొనిపోతాడే!" అని చేతులు విరిచి కూర్చోబెట్టినారు. బావ ఓబలప్ప గడపకు అడ్డంగా నిలబడినాడు. "నా తమ్ముడు చచ్చినాడు. చచ్చినోడు తలుపు కొట్టడు. అది వేరే ఏదో" అనినాడు. ఆ రాత్రే పోయి, ఆ పైపు నోట్లో గోనెపట్ట కూరి, పైన మన్ను మెత్తి వచ్చినాడు.

మరుసటి రాత్రి పైపు కొట్టలేదు. ఆ తర్వాత నాలుగేండ్లు కొట్టలేదు.

పైపు గమ్మునుండింది గానీ, మనుషులు గమ్మునుంటే గదా!

మా లైన్లో ఇద్దరు బోధకులు. పెద్ద చర్చి దేవసహాయం అయ్యగారు ఒకరు. చచ్చినోళ్ల ఆత్మ మేలుకొనే ఉంటాది, అన్నీ చూస్తాది, అన్నీ వింటాది, మంచోళ్లయితే నెమ్మదిలో, చెడ్డోళ్లయితే అగ్నిలో అని ఆయన బోధ. ఇంగొకడు రామచంద్ర బ్రదరు. రేకుల షెడ్డులో కొత్త సభ పెట్టినాడు. చచ్చినోళ్లు కడవరి బూర ఊదేదాకా నిద్రే, వాళ్లకు ఏమీ తెలీదు, చచ్చినోళ్ల గొంతుతో ఏదన్నా పలికితే అది సాతానే అని ఆయన బోధ. ఇద్దరి నోట్లోనూ నలిగింది ఎవురు? బచ్చప్పే.

"ఆ మనిషి కల్లంగడికి పోయేవాడు. ఇప్పుడు అగ్నిలో నుంచి తట్టుతున్నాడు ప్రియులారా" అని ఆయన ప్రసంగం. "తట్టింది బచ్చప్ప కాదు, సాతాను. ఆ నోటిని మన ఓబలప్ప బ్రదరు మూసినాడు" అని ఈయన ప్రసంగం. ఓబలప్ప ఆ రేకుల షెడ్డులో ముందు వరసలో కూర్చొని తల ఊపేవాడు. నాలుగేండ్లు ఆ పట్ట సంగతి ఎంత గొప్పగా చెప్పుకున్నాడో!

మునిలక్ష్మమ్మకు కావలసింది ఒక్కటే. ఆయప్పకు తెలుస్తాండాదా, లేదా? ఆ చీకట్లో, ఆ రాళ్ల కింద... నొప్పి తెలుస్తాండాదా? తెలీదని రామచంద్ర బ్రదరు చెప్తే ఒక రాత్రి నిద్ర పట్టేది. తెలుస్తాదని అయ్యగారు చెప్తే మరుసటి రాత్రి గోడకు తల ఆనించుకొని తెల్లారేదాకా కూర్చునేది. ఒకనాడు ఇద్దరూ ఒకరి మీద ఒకరు గెలిచేదానికి ఆయమ్మ ఇంటికే వచ్చి, బర్రెగొడ్ల ముందర నిలబడి వాదం వేసుకున్నారు. పేడకడి చేత్తోనే నిలబడి విన్నాది పాపం. ఆయప్ప వీళ్లకు మనిషి కాడు, వాక్యానికి రుజువు. ఆ పొద్దే ఆయమ్మకు వాళ్ల మీద రోత పుట్టింది.

నాలుగేండ్లు గడిచినాక, ఒక చలికాలం రాత్రి...

టక్. టక్. టక్.

మళ్లా మొదలైంది.

లైన్లన్నీ హడలిపోయినాయి. కుక్కలు కూడా ఆ పక్కకు మొరిగి వెనక్కు వచ్చేవి. మరి బోధకులు? వాళ్లకు పండగ! మూడోనాటికి నోటీసు అచ్చేసినారు — "మృతులకు తెలివి కలదా? మహా సంవాదము." యాడ? ఆ షాఫ్టు కాడనే.

ఆ సాయంత్రం చూడల్ల నువ్వు. ముళ్లకంపి పక్కన పెట్రోమాక్సు లైట్లు, మైకు సెట్టు, బెంచీలు. బొరుగులు కలిపేవాడొకడు ఎర్రగడ్డలు తరుగుతాండాడు. శెనక్కాయలు వేంచేవాడొకడు. దెయ్యానికి భయపడి నాలుగు రాత్రులు దుప్పటి కప్పుకున్నోళ్లంతా బిడ్డల్ని చంకనేసుకొని వచ్చినారు, గుంపులో భయం ఉండదు గదా. మునిలక్ష్మమ్మకు ముందర ఒక కుర్చీ వేసినారు. సాక్షి అంట! ఓబలప్ప చెయ్యి పట్టుకొని తెచ్చి కూర్చోబెట్టినాడు. ఎర్రగడ్డల వాసన, కిరసనాయిలు వాసన... ఆయమ్మ మొగం పక్కకు తిప్పుకుంది.

దేవసహాయం అయ్యగారు లేచినారు. అగ్నిలో పడిన ధనవంతుడు పైకి చూసి, నాలిక తడుపుకునేదానికి ఒక్క నీళ్ల చుక్క అడిగిన కథ చెప్పినారు. గొంతు వణికించి, కండ్లు తుడుచుకొని చెప్పినారు. "చచ్చినవానికి దప్పిక ఉంది ప్రియులారా! చెవి ఉంది! నోరు ఉంది!"

రామచంద్ర బ్రదరు లేచినాడు. "అది ఉపమానము. మృతుడు నిద్రించుచున్నాడు. నిద్రించువాడు తట్టడు. తట్టువాడు మోసగాడు. బదులియ్యకుడి!"

ఆ మాట నోట్లో ఉండంగానే...

టక్... టక్... టక్.

బొరుగులు నమిలే నోళ్లు ఆగిపోయినాయి.

అయ్యగారు మైకు తీసుకొని పైపు పక్కకు తిప్పినారు. "బచ్చప్పా! నెమ్మదిలో ఉన్నావా, అగ్నిలో ఉన్నావా? నెమ్మదియైతే ఒకటి కొట్టు. అగ్నియైతే రెండు కొట్టు!"

గుంపంతా పైపు పక్కకు వంగింది.

టక్... టక్... టక్.

"మూడు!" అని అరిచినారు అయ్యగారు. "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ! త్రిత్వమును ఒప్పుకొనుచున్నాడు!"

"సాతానుకు మూడు లెక్క రాదా?" అని ఇంగొక మైకులో రామచంద్ర బ్రదరు.

ఆ పక్కన పాట, ఈ పక్కన పాట. ఒకరి పాట మీద ఒకరి పాట. వాళ్లలో సగం మంది గనిలో దిగే మగోళ్లేనప్పా! మూడు దెబ్బలంటే యేమో తెలిసినోళ్లే! రోజూ ఆ మూడింటి మీదే ప్రాణాలు పెట్టి పైకి వచ్చేవాళ్లే! ఒక్కడు... ఒక్కడన్నా ఆ మూడుకు ఉండే అర్థాన్ని తీసుకున్నాడా?

అయ్యగారు మైకు మునిలక్ష్మమ్మ నోటి ముందర పెట్టినారు. "అడుగమ్మా. నీ భర్తను నీవే అడుగుము."

ఆయమ్మ అయ్యగారి మొగం చూసింది, రామచంద్ర బ్రదరు మొగం చూసింది, బొరుగుల పొట్లాలు చూసింది.

"అయ్యా, ఆయప్పకు అన్నీ తెలుస్తాయంటావు గదా. మీరు బొరుగులు తింటా తన చావు చూస్తాండేది కూడా తెలుస్తాదా?"

ఓబలప్ప మైకు లాక్కున్నాడు. ఆయమ్మ లేచి, ఎవురి మొగమూ చూడకుండా ఇంటికి వచ్చేసింది. దావలో ఒక చెట్టు మొదట్లో కూర్చొని కక్కుకున్నాది.

సంవాదం ముగిసింది. గెలిచింది మేమే అని ఇద్దరూ చెప్పుకుంటా పోయినారు. లైట్లు ఆరిపోయినాయి.

మునిలక్ష్మమ్మకు నిద్ర యాడ వస్తాది? పాయె పాయె, ఇంత అసహ్యం అయినాక ఇంగ భయమేమి? ఆయప్పే అయితే పలుకుతాడు, కాకుంటే పలకడు. పొయ్యి కాడ ఉండిన ఇనప ఊదుగొట్టం తీసుకొని ఒంటిగా బయలుదేరింది.

షాఫ్టు కాడ నేలంతా పొట్లం కాగితాలు, శెనక్కాయ పొట్టు. చంద్రుడు లేడు. పైపు చల్లగా ఉండాది. ఆయమ్మ ఊదుగొట్టం ఎత్తింది.

టక్‌టక్... టక్.

ఏమీ లేదు. దూరంగా రాయి పిండి చేసే మిల్లు చప్పుడు.

మళ్లా కొట్టింది. టక్‌టక్... టక్.

కింద నుంచి వచ్చింది జవాబు.

టక్... టక్... టక్.

ఆయప్ప కాదు!

బచ్చప్ప అయితే ఆ తట్టుకు అట్ల జవాబు ఇయ్యడు. చచ్చినా ఇయ్యడు. ఏడుపు తన్నుకొని వచ్చింది. ఆ ఏడుపులోనే ఒక ఆలోచన. మరి ఇది ఎవురు? సాతానా? సాతానుకు కేజి యేల? దెయ్యమయితే కట్టెల సందులో నుంచి ఎగిరి రాదా, మనల్నేల లాగమంటాది?

పైపు నోటికి చెయ్యి పెట్టి చూసింది. గోనెపట్ట. నాలుగేండ్ల ఎండకూ వానకూ మన్నుతో కలిసి రాయి అయినట్లుండాది. ఊదుగొట్టంతో పొడిచి పొడిచి, గోర్లు విరిగినా వదలకుండా పీకింది. ఊడి వచ్చింది.

లోపల నుంచి గాలి తన్నింది. ఉచ్చ కంపు, కుళ్లు కంపు, తడి రాతి కంపు. ఆయమ్మ కొంగు అడ్డం పెట్టుకొని వంగింది.

అప్పుడు పైపులో నుంచి...

దగ్గు.

పొడి దగ్గు. ఆగి, మళ్లా దగ్గు.

ఓరి దేవుడా! దెయ్యానికి దగ్గు వస్తాదా?

పైపుకు నోరు ఆనించి, "యెవురప్పా నువ్వు?" అని అడిగింది.

ఎంతోసేపటికి, ఎక్కడో అడుగున... "అమ్మా... తాడు..."

ఆ మాట విన్నాక ఆయమ్మ నిలబడలేదు. ఓబలప్ప తలుపు కొట్టింది. "బావా, కింద మనిషి ఉండాడు. బతికి ఉండాడు. దగ్గుతాండాడు!" ఓబలప్ప తలుపు సందులో నుంచి ఊదుగొట్టం చూసినాడు. "బదులిచ్చినావా? దానికి బదులిచ్చినావా నువ్వు? ఇంట్లోకి రావద్దు" అని గొళ్లెం పెట్టుకున్నాడు. అయ్యగారి ఇంటికి ఉరికింది. ఆయన కిటికీలో నుంచే, "తెల్లారనీ అమ్మా, సంఘమంతా చేరి ప్రార్థన చేద్దాము" అనినారు.

మూడో తలుపు నంజుండప్పది. పెద్ద షాఫ్టులో తాళ్లు చూసే పని ఆయప్పది. సగం సారా మత్తులో ఉండాడు. దెయ్యమంటే ఆయప్పకు అందరికంటే ఎక్కువ భయం. "నేను రానే తల్లీ" అని ఏడ్చినంత పని చేసినాడు. మునిలక్ష్మమ్మ రెక్క పట్టి ఈడ్చుకొని వచ్చి, పైపు నోటికి ఆయప్ప చెవి పెట్టి అదిమింది. విన్నాడు. మత్తు దిగిపోయింది.

"ఇది రాతి దుమ్ము దగ్గు గదా... నాకుండే దగ్గే గదా ఇది" అని తనూ దగ్గుకుంటా పరుగెత్తినాడు.

రాత్రి షిఫ్టు విడిచినోళ్లను దావలోనే ఆపి, తాళ్లూ కప్పీ తెచ్చినాడు. కట్టెలు తీసి చూస్తే ఒక కట్టె అంతకుముందే పీకి, మళ్లా పెట్టినట్లుండాది. నంజుండప్పే నడుముకు తాడు కట్టుకొని, దేవుండ్లందరినీ తిట్టుకుంటా దిగినాడు. రెండో లెవెల్ దాకా దిగినాడంతే. మనిషిని వీపుకు కట్టుకొని పైకి వచ్చినాడు.

లక్కూరు పల్లె ఆవులప్ప వాడు. ఒకప్పుడు గనిలో బండ్లు తోసి, పని పోయి ఊరికి పోయినోడు. పాత లెవెల్లో మిగిలిన బంగారు రాయి గీకేదానికి జతగాళ్లతో వచ్చినాడు. వీడు దిగినాక వాచ్‌మన్ టార్చి కనపడిందంట. జతగాళ్లు తాడు లాక్కొని, కట్టె మూసి, మాస్తి ఊరి పక్కకు పారిపోయినారు. అరిచినాడు. పైపు నోట్లో పట్ట ఉండాది గదా, ఎంత అరిచినా పైకి రాలేదు. పైపును కొట్టినాడు.

పెదాలు చీలి, నాలిక వాచి ఉండాది. మునిలక్ష్మమ్మ పాలు తెచ్చి, కొంగు కొన ముంచి నాలిక మీద చుక్క చుక్క పిండింది. అప్పటికి తెల్లారతాండాది. పాట వినపడింది. అయ్యగారు ప్రార్థనకు సంఘాన్ని తోలుకొని వస్తాండారు. ఇంగో పక్క నుంచి రామచంద్ర బ్రదరు, వెనక ఓబలప్ప.

ఆవులప్ప ఆ పాట విని కండ్లు తెరిచినాడు.

"వీళ్లేనమ్మా... రాత్రి పాడింది వీళ్లే. అంతా వినపడింది. నెమ్మదా, అగ్నా అని అడిగినారు గదా. నేను మూడు కొట్టినాను." గుటక మింగినాడు. "గని మనుషులే గదా మీరంతా... మూడు కొడితే లాగుతారనుకున్నాను."

పాట ఆగిపోయింది.

మునిలక్ష్మమ్మ వంగి మెల్లిగా అడిగింది. "ఒంటిగా ఎట్ల ఉండినావప్పా ఆ చీకట్లో?"

"ఒంటిగా యాడమ్మా..." అనినాడు ఆవులప్ప. "నాకు ముందే ఒకాయప్ప ఉండాడు ఆడ."

ఆయమ్మ చెయ్యి ఆగింది.

"నా లైటు ఆరకముందే చూసినా, పైపుకు వీపు ఆనించి కూర్చొని ఉండాడు. ఎముకలే. రాళ్లు పడని పాత సొరంగాల్లో పాకి వచ్చి, కింద నుంచి నిచ్చెన్లు ఎక్కింటాడు. రెండో లెవెల్ పైన నిచ్చెన లేదు గదా, ఆడికి ఆగిపోయినట్లుండాడు. ఒళ్లో పనికి సంగటి తెచ్చుకునే ఊట డబ్బా. మూతకు పచ్చంచు చీరె పేలిక కట్టి ఉండాది."

ఆ డబ్బా మూత వదులని, తన పెండ్లి చీరె అంచు చింపి ఆ పేలిక కట్టింది ఎవురో వేరే చెప్పల్లా?

"పైపు మీద... నేను కొట్టకముందే దెబ్బలమ్మా. చెయ్యి పెట్టి తడిమి చూసినా. ఒకే తావున కొట్టి కొట్టి పైపే సొట్టపోయింది. సుత్తి ఇంకా ఆయప్ప చేతిలోనే ఉండింది. అది తీసుకొనే నేనూ కొట్టినాను. తప్పయితే చెప్పమ్మా..."

మునిలక్ష్మమ్మ మెల్లిగా తల తిప్పి ఓబలప్పను చూసింది. ఓబలప్ప ఆయమ్మను చూడలేదు. ఆయమ్మ కాళ్ల కాడ పడుండిన గోనెపట్టను చూస్తాండాడు.

ఆవులప్పను పోలీసోళ్లు ఆసుపత్రికి తీసుకొనిపోయినారు. నంజుండప్ప మళ్లా దిగి, బచ్చప్పను దుప్పట్లో కట్టి తెచ్చినాడు. ఇంగ అప్పుడు చూడల్ల! సిగ్గు లేని జన్మలు! దుప్పటి మూట నేల మీద పెట్టి ఇంకా తాడు విప్పలేదు, ఇద్దరు బోధకులూ పుస్తకాలు తెరిచినారు. వీని ఆత్మ మేలుకొని ఉందని ఆయన, వీడు నిద్రించుచున్నాడని ఈయన. సమాధి మాట ఎవురు చెప్పల్లని మళ్లా వాదం.

"థూ!"

ఇద్దరి మధ్యలో ఉమ్మింది మునిలక్ష్మమ్మ. పెద్ద చర్చి అయ్యగారి తెల్లంగీ అంచు మీద పడింది.

"నిద్రపోతాండాడనినావు నువ్వు. నిద్రపోలేదు. అగ్నిలో ఉండాడనినావు నువ్వు. అగ్గీ లేదు, గిగ్గీ లేదు. నా మొగుడు రెండో లెవెల్లో ఉండినాడు. బతికి ఉండినాడు. మూడు కొట్టినాడు, మీరంతా విన్నారు. ఒక తాడు వేసింటే ఇంటికి వచ్చుండును. పాండి! ఒక్కరు గూడా ఈ మూట ముట్టొద్దు!"

మునిలక్ష్మమ్మా, నంజుండప్పా, ఆ షిఫ్టు మనుషులే కలిసి పూడ్చినారు. ఏ మాటా చెప్పలేదు, ఏ పాటా పాడలేదు. ఊట డబ్బా మాత్రం కడిగి ఇంట్లో పెట్టుకుంది ఆయమ్మ.

కొన్నాళ్లకు ఒక సందకాడ ఓబలప్ప వచ్చి గడప బయట నిలబడినాడు. మనిషి సగమైపోయినాడు. రేకుల షెడ్డుకు పోవడం మానేసినాడంట.

"మునిలక్ష్మీ... ఒకటి అడుగుతా. ఆ రాత్రి పైపులో గాలి ఆగిపోయింటాది గదా... ఆ పట్ట కూరింది నేనని... వాడికి తెలిసింటాదా?"

ఆయమ్మ ఆ మొగం చూసింది. చచ్చినోళ్లకు ఏమీ తెలీదని నాలుగేండ్లు చెప్పుకొని తిరిగిన మొగం. జాలి పడదామని చూసింది, రాలేదు. లేదంటే నిద్రపోతాడు, అవునంటే ఏడ్చి భారం దించుకుంటాడు. రెండిట్లో ఏదీ ఇయ్యబుద్ధి కాలేదు. పొయ్యి కాడికి పోయి ఊదుగొట్టం తెచ్చి ఆయప్ప చేతిలో పెట్టింది.

"నన్నేల అడుగుతావు బావా? పైపు ఆడనే ఉండాది. పోయి కొట్టి అడుగు."

తలుపు వేసుకుంది.

ఆ రాత్రి నుంచే పైపు మళ్లా కొట్టుకుంటాండాది. కేజి లాగమనే మూడు కాదు... టక్‌టక్... టక్. భయపడొద్దులే, దెయ్యం కాదు. ముసలి ఓబలప్ప. కొట్టేది, పైపు నోటికి చెవి ఆనించేది. కొంచెంసేపు ఆగి మళ్లా కొట్టేది. తెల్లారేదాకా అంతే.

దెయ్యమే అయ్యింటే గుంపుగా అయినా పోయి చూసొస్తుండేవాళ్లు మా వాళ్లు. ఆ ముసలోడు చెవి పెట్టుకొని కూర్చునేది చూడలేకనే, పొద్దుగూకినాక ఆ దావన ఎవురూ పోరు.